బొగ్గునేల మీద వాద్యగోష్ఠి

కాజీపేట దాటి ఉత్తరంగా పోయే రైలులో రాత్రిపూట ప్రయాణం చేసేవారికి, పెద్దపల్లి వెనుకబడిన కాసేపటికి కిటికీలో ఒక వింత కనిపిస్తుంది. అంతదాకా చీకటి పొలాలు, అక్కడక్కడ ఒక గుడ్డిదీపం. వున్నట్టుండి ఆకాశంలో సగం వెలిగిపోతుంది. కొత్తవాళ్ళు ఏదో మహానగరం వచ్చిందనుకుని మూటాముల్లె సర్దుకుంటారు. అది నగరం కాదు, రామగుండం విద్యుత్కేంద్రం. 1978 నవంబరు 14న శంకుస్థాపన జరిగి, అంచెలంచెలుగా 2600 మెగావాట్ల దాకా పెరిగిన ఈ కేంద్రం ఎక్కడెక్కడి ఊళ్ళకో వెలుగు పంపిస్తుంది. దానికి మేత పెట్టే బొగ్గు మా గోదావరిఖనిది.

పేరులోనే గనిని పెట్టుకున్న ఊరు మాది. మా వాళ్ళు మాత్రం గని అనరు, బావి అంటారు; పల్లెనుడిలో బాయి. "మా నాయిన బాయికి పోయిండు" అంటే నీళ్ళు తోడడానికి పోయాడని అర్థం కాదు సుమా! 1871లో డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టడమూ, 1886లో ఇంగ్లండులో ఒక కంపెనీ లేవడమూ, 1889 నుంచి తవ్వకం సాగడమూ, 1920లో ఆ కంపెనీ సింగరేణి పేరు పెట్టుకోవడమూ పాత కథ. గోదావరి ఒడ్డున మా వైపు బావులు దిగింది 1960 ప్రాంతాలలో. ఆ బావుల వెంబడే కాలనీలు, కాలనీల వెంబడే బజార్లు, సినిమాహాళ్ళు, బళ్ళు, చివరికి కళాశాలలు వచ్చినవి. అలా వచ్చిన ఒక కళాశాలలో తెలుగు చెప్పుకుంటూ నేనూ ఇక్కడ స్థిరపడ్డాను.

ఇలాంటి ఊళ్ళో కూర్చుని నేను వ్రాయబోతున్నది ఒక జర్మన్ కండక్టరు గురించి. మా బస్‌స్టాండులో ఈ మాట అంటే, ఏ డిపో ఆయన అని అడుగుతారు. టిక్కెట్లు కొట్టే కండక్టరు కాదు నేను చెప్పేది. నూరుమంది వాద్యగాళ్ళ ముందు నిలబడి, వాళ్ళందరినీ ఒకే ఊపిరితో వాయింపజేసే సంగీతనాయకుడు. ఆయన పేరు కుర్ట్ మజూర్. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు మా మామగారు, "మజూరా? మన జనరల్ మజ్దూరు తీరు!" అని సంతోషించారు. ఆ సంతోషం ఎందుకో బొగ్గు ఊళ్ళవాళ్ళకు చెప్పనక్కరలేదు. బావిలో పనికి కుదిరినవాడి మొట్టమొదటి హోదా అదే.

మామగారి గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన 1972లో బావిలో దిగారు, 2010లో మైనింగ్ సర్దారుగా విరమించారు. ముప్పై ఎనిమిదేళ్ళు సూర్యుణ్ణి వారానికొకసారి తీరిగ్గా చూసిన మనిషి. సర్దారు పని ఏమిటంటే, మిగతా కూలీలకంటె ముందు పనిస్థలానికి పోయి, గాలి సరిగా ఆడుతున్నదా, విషవాయువు చేరిందా, నెత్తిమీద కప్పు గట్టిగా వున్నదా అని చూడడం. కప్పును చూడడం కళ్ళతో అయ్యే పని కాదు. చేతికర్రతో తట్టి వినాలి. "కర్రతోని కొడితె గంట తీరు ఖంగుమన్నదనుకో, మంచిగున్నట్టు. డొల్ల సప్పుడు అచ్చిందంటె ఒక్కణ్ణి గూడ లోపటికి రానియ్యద్దు" అంటారాయన. దీపం కొండెక్కినా ఫరవాలేదు, చెవి చెడితే సర్దారుగిరీ చెల్లదని ఆయన సిద్ధాంతం. నేను నేర్చుకున్న ఛందస్సంతా గణాల లెక్కే. చెవి మీద ప్రాణాలు నిలిచే విద్య ఒకటున్నదని నాకు ఈ ఊరే చెప్పింది.

ఇక జర్మనీ సంగతి. మా బావమరిది కొడుకు లైప్‌జిగ్ నగరంలో చదువు ముగించి అక్కడే ఉద్యోగంలో కుదిరాడు. తాత ఒక్కసారైనా వచ్చి చూడాలని పట్టు. డెబ్బయి దాటిన మనిషిని ఒంటరిగా పంపడం ఎట్లా? నాకు వేసవి సెలవులు. టిక్కెట్టు కుర్రవాడిదే. తోడు వెళ్ళడానికి నాకు అభ్యంతరమేమీ కనిపించలేదు.

జర్మనీ మా ఊరికి బొత్తిగా పరాయిది కాదు. రామగుండంలో బొగ్గునుంచి యూరియా తీయాలని 1980లో ఒక ఎరువుల కర్మాగారం మొదలయింది. బొగ్గును వాయువుగా మార్చడానికి అందులో వాడిన కోపర్స్-టోట్జెక్ పద్ధతి జర్మనీదే. 1999లో అది మూతబడింది. అదే చోట 2021 నుంచి సహజవాయువుతో కొత్త కర్మాగారం నడుస్తున్నది. ఇంకో చుట్టరికం ఇంతకంటె ముచ్చటైనది. మా కాలనీలలో మొదటి షిఫ్టువాళ్ళను ఏళ్ళ తరబడి నిద్రలేపింది గడియారం కాదు, ఆకాశవాణి తెల్లవారుజామున పాడే ఆ నిలయరాగం. దాన్ని కూర్చినవాడు వాల్టర్ కౌఫ్‌మన్ అని చెబుతారు. జర్మన్ మాట్లాడే యూదుడు. హిట్లరు గాలి సోకకముందే తప్పుకుని 1934లో బొంబాయి చేరి, ఆకాశవాణిలో పనిచేసి, తరువాత కెనడాలో విన్నిపెగ్ వాద్యబృందానికి నాయకుడయ్యాడు. అంటే, కండక్టరు అనే పదవి ఒకటున్నదని తెలియకుండానే మా ఊరు ఒక కండక్టరు పాట విని పళ్ళు తోముకున్నదన్నమాట.

మన సంగీతంలో ఈ పదవికి సరిగ్గా సరిపడే పేరు లేదు. కచేరీలో గాయకుడే తొడమీద తాళం వేసుకుంటాడు. పెళ్ళిమేళంలో సన్నాయి ఎటుపోతే డోలు అటుపోతుంది. అరుగు మీద భజన అయితే అసలు నాయకుడే వుండడు, అందరూ నాయకులే. ఆకాశవాణివారు వాద్యవృందం పెట్టిన తరువాత మన ద్రాక్షారామపు వైణికులు ఈమని శంకరశాస్త్రిగారి వంటి పెద్దలు ఆ బాధ్యత వహించారు. కాని పాశ్చాత్య వాద్యగోష్ఠి లెక్క వేరు. వయొలిన్లే ముప్పై వుంటవి. వెనుక వరుసలో బూరలు ఊదేవాడికి ముందువరుస ఎట్లా వినిపిస్తున్నదో తెలియదు. ప్రతివాడి ముందూ వాడి వంతు కాగితం మాత్రమే వుంటుంది. మొత్తం గ్రంథం నాయకుని ముందే వుంటుంది. విచిత్రమేమంటే, వేదికమీద వున్నవారందరిలో ఏ చప్పుడూ చేయనివాడు ఆయన ఒక్కడే.

మజూర్ 1927 జూలై 18న బ్రీగ్ అనే ఊళ్ళో పుట్టాడు. ఓడర్ నది ఒడ్డున, సిలీషియా అనే సీమలో వుంది అది. ఆ సీమ ఎగువభాగం బొగ్గుగనులకు పెట్టింది పేరు. తండ్రికి విద్యుత్ సామాన్ల దుకాణం. కొడుక్కి పియానో మీద ఎంత మోజున్నా ముందు చేతిపని నేర్చుకోమన్నాడు తండ్రి. అట్లా మన కథానాయకుడు మొదట తీగలు లాగే ఎలక్ట్రీషియన్. ఒకవైపు తీగలు, ఇంకోవైపు బ్రెస్లావ్ సంగీత పాఠశాల. ఇంతలో పదహారో ఏట ఒక పిడుగు పడింది. చేతివేలి స్నాయువు చెడిపోయింది, శస్త్రచికిత్సకు లొంగదు, పియానో వాయించి బ్రతకడం కుదరదు అన్నారు వైద్యులు. వాయించే దారి మూసుకుపోతే వాయింపించే దారి వెతుక్కున్నాడు ఆ కుర్రవాడు.

వెతుక్కునే వ్యవధి కూడా లేకుండా యుద్ధం లాక్కుపోయింది. 1944లో సైన్యంలో చేర్చారు. అతని దళంలో ప్రాణాలతో బయటపడినవారు కొద్దిమంది. యుద్ధం ముగిసేసరికి బ్రీగ్ జర్మనీలో లేదు. సరిహద్దులు జరిగినవి, ఊరు పోలండులో కలిసింది, పేరు బ్జెగ్ అయింది, అక్కడి జర్మన్లు ఇళ్ళు వదిలి వెళ్ళవలసివచ్చింది. పుట్టినూరు వున్నదీ, లేదూ కూడా! ఈ మాట నేను చదివి చెప్పినప్పుడు మామగారు చాలాసేపు మాట్లాడలేదు. మా అత్తగారి పుట్టిల్లు వున్న పల్లె ఒక ఓపెన్‌కాస్టు కింద పోయింది. పరిహారం వచ్చింది, వేరే చోట కాలనీ వెలిసింది. ఊరు వున్న చోట ఇప్పుడు నూరు నిలువుల లోతు గుంత, పక్కన దాని మట్టి గుట్ట. దసరాకు పుట్టింటికి పోతానని మా అత్తగారు ఇంకా అలవాటుకొద్దీ అంటుంది.

1946లో మజూర్ లైప్‌జిగ్ సంగీత విద్యాలయంలో చేరాడు. రెండేళ్ళకే, పట్టా పుచ్చుకోకుండా, హాలె అనే ఊరి నాటకశాలలో ఉద్యోగం దొరికితే వెళ్ళిపోయాడు. పట్టా లేకుండా ఈ కాలంలో మా కళాశాలలో అతిథి అధ్యాపకుడి ఉద్యోగం కూడా రాదు! హాలెలో ఆయన పని గాయకులకు పియానో దగ్గర పాత్రలు నేర్పించడం. ఒపేరా అంటే కథంతా పాటగా నడిచే నాటకం. మన చిందు యక్షగానాన్ని ఒకసారి తలచుకుంటే సగం అర్థమవుతుంది. అందులో ఈ నేర్పించేవాడి పని మన పద్యనాటకాలలో హార్మోనిస్టు పనే. కృష్ణుడికి శ్రుతి అందించేదీ, అర్జునుడు రాగం తప్పితే కనుసైగ చేసేదీ, అర్ధరాత్రి దాటాక గొంతుపోయినవాడి పరువు కాపాడేదీ ఆయనే. మంచి నాయకులు ఈ మెట్టుమీదనుంచే ఎక్కుతారు.

తరువాత ఎర్‌ఫుర్ట్, మళ్ళీ లైప్‌జిగ్ ఒపేరా, డ్రెస్డెన్, ష్వేరిన్. 1960 నుంచి 1964 దాకా తూర్పు బెర్లిన్‌లో కోమిషె ఒపేరాలో వాల్టర్ ఫెల్జెన్‌స్టైన్ అనే దర్శకునితో పనిచేశాడు. ఆ దర్శకుడు మహా పట్టుదల మనిషి. నటుడు నిలబడి గొంతు విప్పితే చాలదు, ఆ పాత్ర ఆ క్షణాన ఎందుకు పాడుతున్నదో ప్రేక్షకుడికి తెలియాలి అనేవాడు. తెలిసేదాకా వారాలకొద్దీ సాధన చేయించేవాడు. అక్కడినుంచి బయటపడ్డాక మజూర్‌కు మూడేళ్ళు స్థిరమైన కొలువు లేదు. 1967లో డ్రెస్డెన్ వాద్యబృందానికి ముఖ్యుడయ్యాడు. 1970లో లైప్‌జిగ్ గెవాంట్‌హౌస్ పీఠం దక్కింది. 1996 దాకా దానిమీదే వున్నాడు.

గెవాంట్‌హౌస్ అంటే ఏమిటనుకున్నారు? బట్టల మండువా. లైప్‌జిగ్ వర్తకుల ఊరు. 1743లో అక్కడి వర్తకులు చందాలు వేసుకుని పదహారుమంది వాద్యగాళ్ళతో ఒక సమాజం పెట్టుకున్నారు. 1781లో ఆ సమాజం బట్టల వర్తకుల భవనంలో ఒక గదిలోకి మారింది. ఆ పేరే నిలిచిపోయింది. రాజుగారు పెట్టిన ఆస్థానం కాదు, అంగళ్ళవాళ్ళు పోషించిన సంగీతం. 1835 నుంచి మెండెల్‌సోన్ అంతటివాడు దానికి నాయకుడు. రెండవ భవనం 1884లో కట్టారు. అది 1943, 44 సంవత్సరాల బాంబులకు కూలింది. మూడవది కట్టేదాకా జంతుప్రదర్శనశాల దగ్గర ఒక సభామందిరంలో కచేరీలు జరిగేవి. తన బృందానికి సొంతిల్లు కావాలని మజూర్ పెద్దల వెంటపడి సాధించాడు. 1981 అక్టోబరు 8న కొత్త గెవాంట్‌హౌస్ తలుపులు తెరిచారు. పెద్ద చౌకు, దానికి ఒక కొసన ఒపేరాశాల, ఎదురు కొసన ఇది. మేము వెళ్ళిన రోజు మెట్లమీద పిల్లలు చక్రాల పలకలెక్కి జారుతున్నారు.

మెండెల్‌సోన్ కాపురమున్న ఇల్లు ఇప్పుడొక ప్రదర్శనశాల. దాన్ని శిథిలం కానీయకుండా కాపాడినవారిలో మజూర్ ముఖ్యుడు, 1997లో తెరిచారు. అక్కడ ఒక గది వుంది. వాద్యగాళ్ళ స్థానంలో నిలువెత్తు స్తంభాలు. ఒక్కొక్క స్తంభంలోనుంచి ఒక్కొక్క రకం వాద్యం, లేదా గొంతు పలుకుతుంది. మధ్యలో నాయకుని బల్ల, చిన్న కర్ర. మీరు కర్ర ఎంత వేగంగా ఊపితే సంగీతం అంత వేగంగా నడుస్తుంది. మనుమడు నవ్వుతూ తాత చేతికి కర్ర ఇచ్చాడు.

మామగారు మొదట బర్రెలను తోలినట్టు తోలారు. పాపం, మెండెల్‌సోన్ పరుగెత్తాడు! పక్కన నిలబడ్డ జర్మన్ దంపతులు మర్యాదగా నవ్వారు. కాసేపటికి ఆయన చెయ్యి నెమ్మదించింది. కర్రను ఇంచుమించు ఆపేసి, తల ఒకవైపుకు వంచి, స్తంభాల మధ్యకు నడిచి ఒక్కొక్కదాని దగ్గర నిలబడ్డారు. ఆ తల వంపు నాకు తెలుసు. పెళ్ళి అయిన కొత్తలో మా ఇంటి వర్షపు కప్పు కింద నిలబడి ఎక్కడ కారుతున్నదో చెప్పినప్పుడు కూడా అంతే.

"ఊపుడు పెద్ద పని గాదు అల్లుడా. ఇనుడే పని" అన్నారు బయటికి వచ్చి.

"మజూర్ గారు కర్ర కూడా పట్టేవారు కాదట మామా, ఉత్త చేతులతోనే నడిపేవారట" అన్నాను.

"అట్లనా? మరి కప్పు ఎట్ల కొట్టి సూసెటోడు?" అని ఆయన సందేహం.

ఆ ఇంట్లోనే మజూర్ జ్ఞాపకాలకు ప్రత్యేకం కొంత చోటు పెట్టారు. పొడుగాటి మనిషి, గడ్డం, గుచ్చి చూసే కళ్ళు. ఆ బొమ్మల ముందు నిలబడి మనుమడు మాకు 1989 కథ చెప్పాడు. ఆ కథ కోసమే నేను ఈ వ్యాసం మొదలుపెట్టాను.

అప్పుడు లైప్‌జిగ్ తూర్పు జర్మనీలో వుండేది. ఊరి చుట్టూ గోధుమవన్నె బొగ్గు, లిగ్నైటు. మన బొగ్గులా నిప్పులో రాజిల్లేది కాదు, తడిసిన మట్టిలాంటిది, పొగ ఎక్కువ. దాన్ని తీయడానికి ఊరి దక్షిణాన మైళ్ళకొద్దీ గుంతలు తవ్వారు. మాగ్డెబోర్న్, ఐట్రా వంటి పల్లెలు భూమిమీద లేకుండా పోయినవి. ఎస్పెన్‌హైన్ అనే చోట వున్న బొగ్గు కర్మాగారం పొగకు ఆరవేసిన బట్టలు నల్లబడేవి. ఫిర్యాదు చేస్తూ సంతకాలు సేకరిస్తే నేరం. దానికి అక్కడి చర్చిమనుషులు ఒక ఉపాయం పన్నారు: కర్మాగారం బాగుచేయడానికి తలా ఒక్క మార్కు చందా ఇవ్వండి అన్నారు. చందాకు రసీదు ఇవ్వాలిగదా, రసీదు పుస్తకంలో సంతకం పెట్టాలిగదా! ఇంచుమించు లక్షమంది మార్కు ఇచ్చారు. ఇంత చక్కని వ్యంగ్యం మన చాటుకవులకు కూడా తట్టలేదేమో.

అదే ఏడు జూన్‌లో లైప్‌జిగ్ వీధులలో పాటలు పాడుకోవడానికి వచ్చిన కుర్రవాళ్ళను, అనుమతి లేదని, పోలీసులు బళ్ళలో ఎక్కించుకుపోయారు. ఆగస్టులో మజూర్ తన గెవాంట్‌హౌస్‌లోనే ఒక సభ పెట్టి, ఆ వీధిగాయకులనూ, అధికారులనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించాడు. గొప్ప ఆస్థాన విద్వాంసుడు జోలెపట్టిన పాటగాడికి తన ఇంట్లో పీట వేయడం చిన్న సంగతి కాదు. ఆ రోజు సభ వల్ల ప్రభుత్వం మారిపోలేదు. కాని ఊళ్ళో జనానికి ఒక సంగతి తెలిసింది: ఈయన వింటాడు.

నికొలాయ్ చర్చిలో 1982 నుంచీ సోమవారం సాయంత్రాలు శాంతి ప్రార్థనలు జరుగుతుండేవి. 1989 శరత్తులో ప్రార్థన ముగించి వచ్చినవాళ్ళు వీధిలోనే నిలబడడం, తరువాత నడవడం మొదలయింది. వారం వారం జనం పెరిగారు. అక్టోబరు 9, సోమవారం. ఆ రోజు ప్రభుత్వం ఊరుకోదని అందరికీ తెలుసు. పోలీసులు, సైనికులు, కర్మాగారాల సాయుధదళాలు సిద్ధంగా వున్నారు. నాలుగు నెలల క్రితం పీకింగ్‌లో విద్యార్థులమీద ఏం జరిగిందో జనం మరిచిపోలేదు. తల్లులు పిల్లలను బళ్ళనుంచి తొందరగా ఇంటికి తెచ్చుకున్నారు.

ఆ మధ్యాహ్నం మజూర్ ఇంట్లో ఆరుగురు కూర్చున్నారు. మజూర్, ఒక మతశాస్త్ర పండితుడు, ఒక హాస్యనటుడు, ముగ్గురు పార్టీ కార్యదర్శులు. విజ్ఞప్తి ఒకటి వ్రాశారు. అందరం కలిసి మాట్లాడుకోవాలి, దానికి మేము పూచీ పడతాము, తొందరపడవద్దు, శాంతంగా వుండండి అని దాని సారాంశం. సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో ఊరి లౌడ్‌స్పీకర్లలో అది మజూర్ గొంతుతో వినిపించింది. బయట డెబ్బయివేల మంది. ఆ గొంతు తెలియనివాళ్ళు తక్కువ. నగరం చుట్టూ వున్న పెద్ద బాట మీద వాళ్ళు నడిచారు, ఇళ్ళకు పోయారు. ఒక్క తుపాకీ పేలలేదు. గెవాంట్‌హౌస్‌లో రాత్రి కచేరీ యథాప్రకారం జరిగింది. నెల తిరిగేసరికి, నవంబరు 9న, బెర్లిన్ గోడ తెరుచుకుంది.

మామగారు కథంతా విని, "పోలీసోల్లు గూడ ఇన్నరు గద, గా మైకుల మాట?" అని అడిగారు.

అవును, విన్నారు. ఆ విజ్ఞప్తి జనానికి ఎంతో పోలీసులకూ అంతే. నేను దీన్ని ఈ కోణంలో చూడలేదు. 2011 సెప్టెంబరు 13న సకలజనుల సమ్మె మొదలైనప్పుడు, విరమించి ఏడాదయినా, ప్రతిరోజూ పోయి శిబిరంలో కూర్చున్న మనిషి కనుక ఆయనకు తోచింది. మైకు ముందు కూర్చున్నవాళ్ళే కాదు, చెట్టుకింద లాఠీ ఆనించి నిలబడ్డవాడు కూడా శ్రోతే.

అంతమాత్రాన మజూర్‌ను దేవుణ్ణి చేసి పీటమీద పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆ ప్రభుత్వం ఆయనను నెత్తిన పెట్టుకున్నది. దేశంలో మిగతావాళ్ళు గోడ దాటితే కాల్పులు. ఆయన తన బృందంతో ప్రపంచం చుట్టివచ్చేవాడు. పెద్దల తలుపు తట్టగల చనువు వుండబట్టే కచేరీమందిరం లేచింది. ఇన్నేళ్ళూ ఆ చనువు అనుభవించి చివరి గంటలో మాట్లాడాడని అనేవాళ్ళు అప్పుడూ వున్నారు, ఇప్పుడూ వున్నారు. ఆ సాయంత్రపు అసలు ధైర్యం పేర్లు తెలియని ఆ డెబ్బయివేలమందిది. ఇదంతా నిజమే. కాని చనువు వున్నవాడు మాట్లాడితే ప్రయోజనమున్న ఘడియ ఒకటి వచ్చింది, ఆయన నోరు విప్పాడు. చనువు వుండీ నోరు విప్పని పండితులను నేను మన దగ్గర చాలామందిని చూశాను.

తరువాతి చరిత్ర వేగంగా చెప్పేస్తాను. 1990 అక్టోబరు 2న, రెండు జర్మనీలు కలిసే ముందురోజు, బెర్లిన్‌లో బీథోవెన్ తొమ్మిదవ సింఫనీ నడిపించింది మజూరే. దేశాధ్యక్షుడుగా వుండమన్న మాటలు వచ్చినా ఒప్పుకోలేదు. 1991లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌కు నాయకుడయ్యాడు. ఆయనకు ముందు ఆ పీఠంమీద వున్నది మన బొంబాయి జుబిన్ మెహతా. జుబిన్ తండ్రి మెహ్లీ మెహతా, పైన చెప్పిన కౌఫ్‌మన్‌కు బొంబాయిలో సహచరుడు. ప్రపంచం ఎంత చిన్నదో చూడండి. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ మేడలు కూలిన తొమ్మిదవ రోజున బ్రాంస్ కూర్చిన జర్మన్ రెక్వియం, అంటే మృతుల స్మృతిగానం, ఆ నగరానికి వినిపించాడు. ఆ తరువాత లండన్, పారిస్ బృందాలు. 1972లో ఒక కారు ప్రమాదంలో భార్య ఇర్మ్‌గార్డ్‌ను పోగొట్టుకున్న మనిషి; కొంతకాలానికి జపాను గాయని టొమొకోను వివాహమాడాడు. వారి కొడుకు కెన్-డేవిడ్ కూడా సంగీతనాయకుడే. చివరి ఏళ్ళలో పార్కిన్‌సన్ వ్యాధితో చేతులు వణికేవి. 2015 డిసెంబరు 19న అమెరికాలో కన్నుమూశాడు. సమాధి మాత్రం లైప్‌జిగ్ దక్షిణ శ్మశానంలోనే.

మరునాడు మనుమడు మమ్మల్ని సరస్సులు చూపడానికి తీసుకుపోయాడు. నేను సరస్సులంటే సరస్సులే అనుకున్నాను. అవన్నీ పాత బొగ్గుగుంతలు! 1990లో జనం కోస్పూడెన్ గుంత దగ్గర అడ్డంపడి తవ్వకం ఆపించారు. నీళ్ళు నింపారు; 2000 నుంచి అది విహారస్థలం. ఇసుక ఒడ్డు, తెరచాప పడవలు, ఐస్‌క్రీము. మామగారు చెప్పులు విడిచి మోకాలిలోతు దిగి, అడుగున ఎన్ని మీటర్లుంటదని అడిగారు. గట్టు వాలు ఎంత, మట్టి జారకుండా ఏం చేసిండ్రు, నీళ్ళు ఏడికెల్లి తెచ్చిండ్రు అని ప్రశ్నలు. మనుమడికి జవాబులు తెలియక ఫోను తీసి వెతికాడు. మా దగ్గర మేడిపల్లి ఓపెన్‌కాస్టు గుంతలో నీరు పెట్టి కరెంటు తీసే ప్రతిపాదన వచ్చింది. రామగుండం జలాశయం మీద 100 మెగావాట్ల సౌరఫలకాలు 2022 నుంచే తేలుతున్నవి. 1971లో మొదలైన 62.5 మెగావాట్ల పాత కేంద్రం 2024లో ఆగిపోయింది. కంపెనీ తీసే బొగ్గులో అధికభాగం ఇప్పుడు ఓపెన్‌కాస్టులదే; కర్రతో కప్పు తట్టే సర్దార్లు తగ్గిపోతున్నారు. బొగ్గు అయిపోయాక మా ఊరు ఏమవుతుందో అని మేము టీకొట్ల దగ్గర మాట్లాడుకునే మాటకు, ఇక్కడ ఒకరకం జవాబు కళ్ళెదుట కనిపించింది.

ష్టోర్మ్‌టాల్ సరస్సు మీద ఇంకొకటి చూశాము. నీళ్ళ నడుమ ఒక భవనం తేలుతున్నది, చర్చి శిఖరంలాంటి ఆకారం. దానిపేరు వినేటా. గుంతలో కలిసిపోయిన మాగ్డెబోర్న్ పల్లె చర్చికి గుర్తు. అందులో పెళ్ళిళ్ళు, కచేరీలు జరుగుతవట. మామగారు ఒడ్డున బల్లమీద కూర్చుని దానివంక చూస్తూ, "గీ ఊల్లె ఎన్ని ఇండ్లుండె?" అన్నారు. మనుమడు మళ్ళీ ఫోను తీశాడు. ఎవరి ఇల్లు ఎక్కడ వుండెనో ఎవరైనా రాసిపెట్టిండ్రా అని రెండవ ప్రశ్న. అది ఫోనులో దొరకలేదు.

ఊరికి తిరిగివచ్చిన మూడవరోజున మామగారు నన్ను ఒక నోటుపుస్తకం తెమ్మన్నారు. మా అత్తగారినీ, ఆమె పుట్టినూరునుంచి లేచివచ్చిన ముసలివాళ్ళనూ పునరావాస కాలనీలో వేపచెట్టుకింద కూర్చోబెట్టారు. బొడ్రాయి దగ్గర మొదలుపెట్టి, వాడ వాడ, ఎడమ చేతిది ఎవరి ఇల్లు, కుడి చేతిది ఎవరిది, చేదబావి ఎక్కడ, పోచమ్మ గుడి ఏ చెట్టు కింద, అని వాళ్ళు చెబుతుంటే నేను వ్రాస్తున్నాను. ఇద్దరు ఇద్దరు వాదులాడుకుంటారు. అప్పుడు మామగారు చెయ్యి ఎత్తుతారు, అందరూ ఆగుతారు, ఒక్కొక్కరినే చెప్పమంటారు. ఆదివారం ఆదివారం కూర్చుంటున్నాము. ఇప్పటికి 43 ఇళ్ళు అయినవి. కుమ్మరివాడ ఇంకా మొదలుపెట్టలేదు.